ఉస్తానమ్మ ఖైదు

పాప నిద్రపోయింది. నిద్రలో కూడా దాని చూపుడువేలు చాప మీద ఏదో గీస్తోంది. సాయంత్రమంతా నేను కూర్చోబెట్టి రాయించిన ఏ బీ సీ డీలే అయివుంటాయి. వచ్చే ఏడు దాన్ని బడిలో వెయ్యాలి. ఆ సంగతి తలుచుకుంటే చాలు, నాకు నిద్ర రాదు. అందుకే ఈ నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను.

ఈ రోజు నిద్ర రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది.

ముంబైలోని వర్లిలో మేముండే చాల్‌కి, అంటే ఒంటిగదుల వరసల పాత మేడకి, ఎదురుగా ఒక టవర్ కడుతున్నారు. పని చేసేవాళ్ళలో సగం మంది పాలమూరు వాళ్ళు. అక్కడే రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్ళలో ఒకామెకు మా పాప ఈడు కూతురు ఉంది. నీళ్ళకని మా కుళాయి దగ్గరికి వస్తుంది. నాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు నుంచి నన్ను అక్కా అని పిలుస్తుంది. ఈ సాయంత్రం బిందె నిండేలోగా అడిగింది.

“అక్కా, ఇంగ్లిష్ బడిల పేదోళ్ళ పిల్లలకు ఫ్రీ సీట్లు ఇస్తరంట గదా. ఫారం ఎప్పుడు నింపాలె?”

“ఇంకా తెలియదు” అన్నాను.

నాకు తెలుసు. శనివారం ఆఖరు. ఏ కాగితాలు కావాలో, ఏ ఆఫీసు దగ్గర నింపిపెడతారో అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. మా పాపకి నిన్ననే నింపేశాను. సీట్లు కొన్నే ఉంటాయి, చీటీలు తీసి ఇస్తారు. ఒక చీటీ తగ్గితే మా పాపకి ఆ మేరకు మేలు కదా అనిపించింది. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

“మంచిదక్కా, తెలిస్తే జర చెప్పు” అని బిందె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె జడకి సిమెంటు దుమ్ము అంటుకుని ఉంది.

అప్పటి నుంచి, అన్నం వండుతున్నా, పాపకి తినిపిస్తున్నా, చాలా ఏళ్ళుగా వినని ఒక గొంతు నా వెనక నిలబడి అడుగుతూనే ఉంది: “ఎవరికి చెప్పినవ్?”

అది ఉస్తానమ్మ గొంతు.

నేను పుట్టి పెరిగింది కామాటిపురాలో. ఆ పేరు చెబితే వినేవాళ్ళ కళ్ళలో ఒక చూపు వస్తుంది. అందుకని కాలేజీలో “ముంబై సెంట్రల్ దగ్గర” అనేదాన్ని. నిజానికి అది మావాళ్ళ పేరే. తట్టలు మోసి, సున్నం కలిపి, ఈ నగరానికి గోడలు లేపిన కామాటీల పేరు. అక్కడి మా చాల్ ఇప్పుడు లేదు. పోయినేడు అటువైపు వెళ్తే ఆ చోట నీలం రేకులు కట్టి ఉన్నాయి. కానీ కళ్ళు మూసుకుంటే మూడో అంతస్తు వసారా అంతా వాసనలతోనే నడిచిపోగలను. కింద తోలు సంచుల కార్ఖానా నుంచి జిగురు, ఫోరస్ రోడ్ దుకాణాల నుంచి బజ్జీల నూనె, మా వరసలో పెనం మీద జొన్నరొట్టె, మూలగదిలో ఎండుచేపల పులుసు. అన్నీ దాటుకుని వెళ్తే చివరి ఖోలీ, అంటే చివరి గది నుంచి సాంబ్రాణి.

ఆ చివరి ఖోలీ ఉస్తానమ్మది. ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే ఆడమనిషిని ఉస్తానీ అంటారు. మావాళ్ళు దానికి అమ్మను తగిలించుకున్నారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక గల్లీలోని ముస్లిం ఇళ్ళ నుంచి పన్నెండు మంది పిల్లలు తల మీద దుపట్టాలు సర్దుకుంటూ వచ్చి ఆమె గదిలో కూర్చునేవారు. పుస్తకాన్ని నేల మీద పెట్టకూడదు కాబట్టి ఒక్కొక్కరి ముందు ఒక మడత చెక్కపీట. ముందుగా అందరూ ఒకే గొంతుతో ఒక చిన్న ప్రార్థన చేసేవారు, నా ఇల్మ్ పెంచు దేవుడా అని. ఇల్మ్ అంటే చదువు, ఎరుక. అడగడానికి ఎన్నో ఉండగా వాళ్ళు రోజూ అదొక్కటే అడగడం నాకు వింతగా ఉండేది. నేనైతే ఐస్ గోళా అడిగేదాన్ని.

పిల్లలు చదువుతుంటే ఉస్తానమ్మ తల వంచుకుని బురఖాలకు బొత్తాలు కుట్టేది. అదే ఆమె జీవనం. ఖురాన్ నేర్పినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. పన్నెండు గొంతులు ఒకేసారి మోగుతున్నా ఎవరైనా ఒక్క ముక్క తప్పు చదివితే సూది ఆగేది. ఆమె తల ఎత్తేది కాదు, మాట్లాడేది కాదు. సూది ఆగిందని చూసి తప్పు చదివిన పిల్ల తనంతట తనే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకునేది.

అమ్మ కార్ఖానాకి పోయేది. అవ్వ, అంటే మా నాయన తల్లి, మధ్యాహ్నం కునుకు తీసేది. నేను పోయి ఉస్తానమ్మ గడప మీద కూర్చునేదాన్ని. ఒక రోజు సూది ఆగింది.

“గడప మీద గూసుంటే చదువు గూడ గడపలనే ఆగుతది. లోపలికి రా.”

“నేను మీవాళ్ళ పిల్లను గాదు గదా.”

“నేనడిగిన్నా? మోరీల నీళ్ళున్నయ్, చేతులు కడుక్కో.”

నీళ్ళు వాడుకునే మూల అయిన మోరీలో చేతులు కడుక్కుని వస్తే ఇనప పెట్టెలోంచి అట్ట ఊడిన తెలుగు వాచకం తీసింది. నాకూ ఒక చెక్కపీట వేసి దాని మీద పెట్టింది. “ఏ భాషదైనా అక్షరమే. కిందవెట్టొద్దు” అంది.

ఆమె పాలమూరు వైపు ఏదో ఊళ్ళో తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆమె భర్త తాపీ మేస్త్రి. మావాళ్ళ ముఠాతో పాటే ఒకే రైలెక్కి వచ్చాడు. మా అవ్వ ఆయన కట్టే గోడకు సున్నం తట్టలు మోసింది. ఆ బంధం మీద అవ్వ ఆమెను అక్కా అనేది, ఆమె అవ్వను చెల్లె అనేది. విచిత్రం ఏమిటంటే మా చాల్‌లో తెలుగు వినిపించని గది లేదు, తెలుగు చదవగలిగిన మనిషి మాత్రం ఉస్తానమ్మ ఒక్కతే. పిల్లలం అందరం మరాఠీ బడికి పోయేవాళ్ళం. పెద్దవాళ్ళు ఏ బడికీ పోలేదు. ఊరి నుంచి ఉత్తరం వస్తే అందరూ చివరి ఖోలీకి నడిచేవారు.

నేను అక్కడికి పోతున్నానని తెలిసి మా పక్కగది పెద్దమనిషి వసారాలో అందరికీ వినపడేలా అన్నాడు: “ఏందే అవ్వా, నీ మనుమరాలు రేపు నమాజ్ గూడ జేస్తదేమో చూస్కో.”

అవ్వ రొట్టె తిప్పుతూనే జవాబిచ్చింది. “అది పోయి అక్షరాలు నేర్చుకుంటుంది. నీ కొడుకు రోజు యాడికి పోతుండో, ఏం నేర్చుకుంటుండో నువ్వు చూస్కో.”

ఆ తర్వాత ఆయన మా ముందు ఆ మాట ఎత్తలేదు.

ఉస్తానమ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఈ రోజు నేర్చుకున్నది రేపటిలోగా ఇంకొకరికి నేర్పాలి. వచ్చి కూర్చోగానే మొదటి ప్రశ్న ‘చదివినవా’ అని కాదు, “ఎవరికి చెప్పినవ్?” అని. పేరు చెప్పాలి. అనుమానం వస్తే ఆ మనిషిని పిలిపించేది. ఎవరికీ చెప్పకపోతే కొత్త పాఠం లేదు. పన్నెండు మంది పిల్లలూ తల్లుల వెంట, చెల్లెళ్ళ వెంట, కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ అత్తల వెంట పడి పాఠాలు అప్పజెప్పేవారు.

నాకు ఎవరూ దొరకలేదు. అవ్వను అడిగితే “నాకెందుకే ఇప్పుడు, కాటికాడ కాగితాలు అడుగుతరా” అంది. అందుకని మూడో రోజు ధైర్యంగా చెప్పేశాను: “తమ్మునికి చెప్పిన.”

తమ్ముడికి అప్పటికి ఏడు నెలలు. ఉస్తానమ్మ నవ్వలేదు. “తీస్కరా సాక్షిని” అంది. చంకనేసుకుని తెచ్చాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “ఏం నేర్చుకున్నవ్ రా మియా?” అని అడిగింది. వాడు బోసినోరు తెరిచి “ఆ...” అన్నాడు.

పన్నెండు మంది పిల్లలూ పీటల మీద పడి నవ్వారు. ఉస్తానమ్మ నడుం పట్టుకుని నవ్వింది. “సరే, పాస్. గని వీడు ‘ఇ’ ఎప్పుడు చెప్తడో అప్పుడే నీకు ముందు పాఠం.” చివరికి మళ్ళీ అవ్వ కాళ్ళు పట్టుకుంటే, అక్షరం వైపు చూడకుండానే ఊకొట్టడానికి ఒప్పుకుంది.

రంజాన్ నెలలో చదువు గంట తగ్గేది, కథలు పెరిగేవి. సాయంత్రం ఉపవాసం విడవడానికి చేసే శనగపప్పు, పెరుగు వడల వాసన మధ్యాహ్నం నుంచే మొదలయ్యేది. ఆ ఏడు నేనూ రోజా ఉన్నానని ప్రకటించి, అవ్వ పెట్టిన నువ్వులుండ మోరీ వెనకకు పోయి తినేసి వచ్చాను. ఉస్తానమ్మ నా మొహం చూసి, “నీ రోజాకు నువ్వులంటినయ్ బిడ్డా” అంది. మూతి తుడుచుకునేలోపు గది అంతా గొల్లుమంది.

ఆ మధ్యాహ్నాల్లోనే ఆమె మాకు చెప్పింది, వాళ్ళ పైగంబరు, అంటే ప్రవక్త, అక్షరం రాని మనిషి అని, కొండగుహలో ఆయనకు దిగిన మొదటి మాటే ‘చదువు’ అని. “తిను అనలే, కొట్లాడు అనలే, మొక్కు అని గూడ ముందుగాల అనలే. చదువు అన్నడు. మగపిల్లలకు ఒక తీరు, ఆడపిల్లలకు ఒక తీరు లేదు. అందరి మీద ఫర్జే, తప్పకుండ చెయ్యాల్సిన పని.” ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉండేది.

ఇంకో కథ ఖైదీలది. మక్కావాళ్ళతో జరిగిన తొలి యుద్ధంలో దొరికిన ఖైదీల్లో, చదువొచ్చినవాళ్ళకు ఒక దారి చూపించారట. ఒక్కొక్కరు పది మంది పిల్లలకు చదవను రాయను నేర్పితే చాలు, విడిచిపెడతామని. “కత్తి పట్టుకుని మీదికొచ్చినోడు గూడ, నేర్పితే అల్లాకు పనికొచ్చినోడే” అంది ఉస్తానమ్మ. ఖైదీలు పంతుళ్ళయ్యారనే సంగతి మాకు భలే నచ్చింది. వారం పాటు వసారాలో ఖైదీలాట ఆడాం. ఆ కథ ఒక రోజు నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

నేను నాలుగో తరగతికి వచ్చేసరికి ఉస్తానమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్లో పోటీ ఉండేది. ఉత్తరాలు చదవడం ఆమె వల్ల కాలేదు. ఒక రోజు అందరి ముందు, “ఇగ నా కండ్లు ఇదే” అని నన్ను చూపించింది.

ఆ రోజు నుంచి మా చాల్‌లో నా నడకే మారిపోయింది. ఉత్తరం వచ్చినవాళ్ళు నన్ను పిలిచేవారు. మంచం మీద కూర్చోబెట్టి ఫ్యాను నా వైపు తిప్పేవారు. చదవడం అయ్యాక చేతిలో పల్లీపట్టి, బొరుగుల ముద్ద, ఏదో ఒకటి పెట్టేవారు. మా అమ్మకు కూడా అంత మర్యాద జరగగా చూడలేదు. ఎవరి అల్లుడు అలిగాడో, ఎవరి బర్రె ఈనిందో నాకే ముందు తెలిసేది. కొందరు ఏడ్చేవారు, కొందరు మళ్ళీ మళ్ళీ చదివించుకునేవారు. నేను కావాలనే నెమ్మదిగా చదివేదాన్ని.

అప్పటికి నేను అక్షరాలు నేర్పుతున్నది మూలగది చిన్నమ్మకు. చుట్టం కాదు, అలా పిలవడం అలవాటు. పెళ్ళై కొత్తగా ఊరి నుంచి వచ్చింది, నేర్చుకోవాలని ఆమెకే ఎక్కువ తొందర. అక్షరాలు, గుణింతాలు రెండు నెలల్లో పట్టేసింది. ఒత్తులు మిగిలాయి. అవి వచ్చేస్తే ఆమె ఉత్తరం ఆమే చదువుకుంటుంది. ఆమె చదువుకుంటే తర్వాత ఇంకొకరు. నా మంచం, నా ఫ్యాను, నా పల్లీపట్టి ఏమవుతాయి?

“ఒత్తులు ఎప్పుడు చెప్తవ్ బిడ్డా?” అని అడిగేది.

“ఇంకా టైముంది చిన్నమ్మా. నీకు ఇవే మంచిగ రావాలె” అనేదాన్ని. పదేళ్ళ పిల్ల నోట అంత పెద్దరికం ఎలా వచ్చిందో!

ఉస్తానమ్మ అప్పుడు కంటి ఆపరేషన్ కోసం ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. ‘ఎవరికి చెప్పినవ్’ అని అడిగేవాళ్ళు లేరు.

అంతలో నాకు గవదబిళ్ళలు వచ్చాయి. చెంపలు బూరెల్లా వాచి, జ్వరంతో ఆరు రోజులు పడుకున్నాను. పిల్లలకు అంటుకుంటుందని అవ్వ గుమ్మానికి వేపమండలు కట్టి ఎవరినీ రానివ్వలేదు. చిన్నమ్మకు ఊరి నుంచి ఉత్తరం వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె వచ్చి గుమ్మం బయట నిలబడి, “పిల్ల పండుకుందా? పండనియ్యి, తొందరేం లేదు” అని వెళ్ళిపోవడం నాకు జ్వరంలో వినిపించింది. ఎప్పటిలాగే క్షేమ సమాచారాలే అనుకుంది. మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుంది.

ఆరో రోజు నేను లేచి చదివాను. అది ఆదివారం. ఆమె తమ్ముడికి ఉన్నట్టుండి సంబంధం కుదిరిందట. ఈ నెల దాటితే ముహూర్తాలు లేవట. శుక్రవారం లగ్గం, ఉత్తరం అందగానే బయల్దేరి రావాలని ఉంది. ఆఖర్న తమ్ముడి రాత వేరేగా ఉంది: అక్కా, నువ్వు వచ్చి గడపల నిలబడి మా పేర్లు చెప్పించందే నేను లోపలికి పోను.

కొత్త జంటను గుమ్మంలో ఆపి, ఒకరి పేరు ఒకరితో చెప్పించి లోపలికి విడిచేది ఆడబిడ్డ. అతనికి ఈమె ఒక్కతే అక్క.

ఆ శుక్రవారం మొన్ననే అయిపోయింది. చిన్నమ్మ, “ఇంకోసారి చదువు బిడ్డా. శుక్రవారం అనే ఉన్నదా?” అంది. చదివాను. శుక్రవారం అనే ఉంది. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, వచ్చిన అక్షరాల మీద వేలు పెట్టి, రానివి దాటుకుంటూ కొంచెం దూరం వెళ్ళి ఆగిపోయింది.

“పోనీ తియ్యి. నీకు జరమొచ్చె, నువ్వేం జేస్తవ్” అంది. లేచి, డబ్బా మూత తీసి, ఎప్పటిలాగే ఒక పల్లీపట్టి ముక్క నా చేతిలో పెట్టింది.

అది తినలేకపోయాను. పారేయలేకపోయాను. చేతిలో పట్టుకునే వసారా చివరిదాకా నడిచాను.

ఉస్తానమ్మ కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది. చెయ్యి చాచి నా చెయ్యి అందుకుంది. బెల్లం కరిగి వేళ్ళకు అంటుకుని ఉంది.

“ఏందిది?”

“పల్లీపట్టి.”

“మరి తింటలేవేంది?”

అప్పుడు ఏడుపు వచ్చింది. ఒత్తులు చెప్పకుండా ఆపిన దగ్గర నుంచి శుక్రవారం దాకా అంతా చెప్పేశాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. తిట్టలేదు కూడా. సూది లేకపోయినా, ఆ గదిలో సూది ఆగినట్టే ఉంది.

తర్వాత అంది: “మా పెనిమిటి మేస్త్రి. నాకు ఎరుకే. సిమెంట్ గోడకు వెడితే గోడ నిలవడ్తది. నాకే ఉండనీ అని బస్తాల దాస్తే వానకాలం పోయేసరికి రాయైతది. ఇగ నీకు పనికిరాదు, మందికి పనికిరాదు. ఇల్మ్ గట్లనే.” నా చెయ్యి నొక్కి, “ఖైదీల కథ యాదికున్నదా?” అని అడిగింది.

“ఉంది.”

“ఈ రోజు సంది నువ్వు నా ఖైదీవి. పది మందికి సదువొస్తేనే విడుపు. పిల్లలు గాదు, పెద్దోళ్ళు. ఉత్తరం రాంగనే నీ మొఖం దిక్కు చూసేటోళ్ళు. ఇప్పుడది తిను. తిని పోయి ఆమెతోనే షురూ జెయ్యి.”

అది తిన్నాను. అంత చేదు పల్లీపట్టి మళ్ళీ తినలేదు. పోయి చిన్నమ్మకు ఒత్తులు మొదలుపెట్టాను. ఆమె రెండో రోజే అడిగింది, “ఇవేనా? వీటికేనా ఇన్నొద్దులు ఆపినవ్?” అని. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండో మనిషి అవ్వ. “ఖైదు పడ్డది మనుమరాలు, గానుగకు గట్టింది నన్ను” అని సణుగుతూనే కూర్చుంది. అక్షరాలన్నీ ఆమెకు వంటింట్లో కనబడేవి. ‘ఠ’ చూపిస్తే, “గిది పెనం మీది రొట్టె గదనే, నడుమ పొంగింది” అంది. రోజూ మధ్యాహ్నం వసారాలో ఇనప పెట్టె మూత నా పలక. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, పేలు చూసుకుంటూ ఆడవాళ్ళు నేర్చుకున్నారు. ఒకామె సంతకం రాగానే బంద్ పెట్టింది. ఉస్తానమ్మ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. రెండేళ్ళు పట్టింది ఎనిమిది మంది కావడానికి.

తొమ్మిదో మనిషి మా చాల్ ఆమె కాదు. వెనక గల్లీ ఆమె. ఆ గల్లీలో ఎవరుంటారో పిల్లలకు చెప్పేవారు కాదు, మాకు తెలియకుండానూ లేదు. మెట్ల కింద నిలబడేది, పైకి వచ్చేది కాదు. ఒక రోజు నన్ను ఆపి తెలుగులోనే అడిగింది: “నాకు గూడ నేర్పుతవా? మా అమ్మకు ఒక్క ఉత్తరం నేనే రాయాలె. వేరేటోళ్ళతోని రాయించే ముచ్చట గాదు.”

వసారాలో గొడవైంది. అవ్వ కూడా వద్దంది. ఉస్తానమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చి అందరి మధ్యా నిలబడింది. “సదువు అడిగినోళ్ళను వాపస్ పంపితే రేపు పైన జవాబు ఆమె చెప్పదు, మనం చెప్పాలె. మీకు వద్దంటే నా ఖోలీల గూసుంటది.” ఆమెను మెట్లెక్కించి, చేతులు కడిగించి, నాకు వేసిన చెక్కపీటే ఆమెకూ వేసింది. ఆ ఉత్తరం ఆమె రాసుకుంది. అందులో ఏముందో నేను అడగలేదు, ఆమె చూపించలేదు. నేను చదవని మొదటి ఉత్తరం అది.

పదో మనిషి దొరక్కముందే ఉస్తానమ్మను ఆమె తమ్ముడి కొడుకు వచ్చి ఊరికి తీసుకుపోయాడు. వెళ్ళే రోజు నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, “తొమ్మిది మందే అయిన్రు, విడిచిపెడ్తవా?” అని అడిగాను. నా తల మీద చెయ్యి పెట్టి నవ్వింది. “ఇంకొకరు ఉండనీ బిడ్డా. మొత్తం విడుపైతే మరిచిపోతవ్.”

నేను పదో తరగతిలో ఉండగా ఆమె పోయిందని కబురు వచ్చింది. ఆ తమ్ముడి కొడుకు మా చాల్ అందరి పేరనా తెలుగులో ఉత్తరం రాశాడు. బడి నుంచి వచ్చేసరికి వసారాలో అందరూ గుమిగూడి ఉన్నారు. ఉత్తరం మూలగది చిన్నమ్మ చేతిలో ఉంది. నేను చెయ్యి చాచాను. ఆమె తల అడ్డంగా ఊపి, మొదటి నుంచి మళ్ళీ నాకోసం తనే చదివింది. వేలు పెట్టి, నెమ్మదిగా, ఒక్క ఒత్తు కూడా తప్పకుండా చదివింది. అవ్వ పక్కనుంచి పెదవులు కదుపుతూ తనూ చూస్తోంది. మనిషి పోయాక కూడా ఆగకుండా వచ్చే పుణ్యాల్లో నేర్పిన చదువు ఒకటి అని ఉస్తానమ్మ చెబుతుండేది. ఆ రోజు ఆ వసారాలో దాన్ని నా చెవులతో విన్నాను.

నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపేశాను. పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఫోన్ చూసుకుంటూ, కావలసిన కాగితాల పేర్లన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. ఆధార్ కార్డు. పాప పుట్టిన సర్టిఫికెట్. ఆదాయం సర్టిఫికెట్. ఉంటున్న చోటుకి రుజువు. ఆఖర్న శనివారం అని రాసి కింద గీత గీశాను.

పొద్దున కుళాయి దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. పాప నా కొంగు పట్టుకుని ఉంది. ఆమె బిందె కింద పెట్టగానే కాగితం ఇచ్చాను.

“నిన్న తెలియదని అబద్ధం చెప్పాను. తెలుసు. శనివారం ఆఖరు.”

ఆమె నా మొహం వైపు, పాప వైపు చూసింది. “మీ పాపకు రాకుంట పోతదనా?”

“అవును.”

“నేనైనా గట్లనే జేద్దునేమో” అంది. కాగితం అటూ ఇటూ తిప్పింది. “నాకు చదువు రాదక్కా. నోటితోని చెప్పు.”

చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి తనే వేళ్ళు ముడుచుకుంటూ అప్పజెప్పింది. ఒక్కటీ మరిచిపోలేదు. పుట్టిన సర్టిఫికెట్ ఊర్లో అత్త దగ్గర ఉందట, ఫోటో తీసి పంపించుకుంటానంది. అద్దె కాగితం లేదంది. షెడ్డులో ఉండేవాళ్ళకు ఏ రుజువు పనికొస్తుందో కనుక్కుంటానన్నాను. పనికిరాకపోతే ఏం చెయ్యాలో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పుడు అడిగింది. “షెడ్లల్ల ఇంక ముగ్గురున్నరక్కా, పిల్లలున్నోళ్ళు. వాళ్ళకు గూడ చెప్పనా?”

ఇంకా మూడు చీటీలు. పాప వేళ్ళు నా కొంగును లాగుతున్నాయి. అవి నిద్రలో చాప మీద గీసే వేళ్ళు.

“చెప్పు” అన్నాను.

ఆమె తలూపింది. వెళ్ళలేదు. కాగితాన్ని తడి తగలకుండా పైకెత్తి పట్టుకుని, మొట్టమొదటి అక్షరం మీద సిమెంటుకు చీలిన వేలు పెట్టింది.

“గిది ఏందక్కా?”

“ఆ.”

“ఆ” అంది ఆమె.

మా పాప కూడా నోరు పెద్దగా తెరిచి “ఆ” అంది. బిందె ఎప్పుడో నిండిపోయింది. నీళ్ళు మా ముగ్గురి కాళ్ళ మీదుగా పారుతున్నాయి. మేము రెండో అక్షరం దగ్గర ఉన్నాం.